అలాట్‌మెంట్ ప్లాట్ ఖాళీ చేయమన్నారు, గేటు కోడ్ మార్చేశారు: ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న నుంచి నాకు అర్థమైన సంగతి ఇదీ. మీరుండేది ఇంగ్లండ్‌లో. అలాట్‌మెంట్ అంటే ఇక్కడ ఇంటి అవసరానికి కూరగాయలు, పండ్లు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న జాగా, అలాంటి ప్లాట్లన్నీ ఉన్న ఆవరణే సైట్. స్థలం కౌన్సిల్‌ది, అంటే స్థానిక ప్రభుత్వానిది, సైట్‌ని నడిపేది ప్లాట్లు ఉన్నవాళ్లు కలిసి పెట్టుకున్న అసోసియేషన్. నాలుగేళ్లుగా మీకక్కడ ప్లాట్ ఉంది, అద్దె ఏనాడూ బాకీ లేదు. వేసవి మొదట్లో నీళ్ల ట్యాంక్ దగ్గర సెక్రటరీతో మాటా మాటా పెరిగింది. జూలై చివర్లో పిల్లల సెలవులకి ఇండియా వెళ్లి, సెప్టెంబర్‌లో తిరిగొచ్చి తలుపు తీసేసరికి రెండు ఉత్తరాలు. ప్లాట్ సాగులో లేదని ఒకటి, పద్నాలుగు రోజుల్లో ఖాళీ చేయమని రెండోది. ఆ గడువు అప్పటికే దాటిపోయింది, గేటు కోడ్ మార్చేశారు. లోపల మీ షెడ్, పాలీటన్నెల్ (మొక్కల మీద ప్లాస్టిక్ షీట్‌తో వేసిన గుడారం), కాపు మీదున్న సొరపాదు.

నాకు ప్లాట్ చేసుకోవడంలో చాలా ఏళ్ల అనుభవం ఉంది. మధ్యలో మా సైట్ కమిటీ సెక్రటరీగా కూడా పనిచేశాను కాబట్టి ఇలాంటి నోటీసులు ఎలా తయారవుతాయో, ఏ ఉత్తరం వస్తే కమిటీ వెనక్కి తగ్గుతుందో, ఏది వస్తే పక్కన పడేస్తుందో దగ్గరగా చూశాను. లాయర్ని కాను. కింద చెప్పేదంతా ఇంగ్లండ్‌కి, చాలావరకు వేల్స్‌కి వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో 2015 నాటి కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్ చట్టం ఉంది, అక్కడి లెక్క వేరు.

ముందే ఒక మాట గట్టిగా చెప్తాను. "నాకు అన్యాయం జరిగింది" అని మీరు ఎంత బాధగా రాసినా దాంతో కమిటీగానీ కౌన్సిల్‌గానీ కదలవు. అలాంటి ఉత్తరాలు వాళ్లకి రోజూ వస్తాయి. "మీరు ఫలానా షరతు ప్రకారం నెల గడువు ఇవ్వాలి, ఇవ్వలేదు. అప్పీల్ హక్కు గురించి చెప్పాలి, చెప్పలేదు" అని రాస్తే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని ఫైల్ తీసి చూడాల్సిందే. మీ బలమంతా వాళ్లు తప్పిన పద్ధతిలో ఉంది. సెక్రటరీ మనసులో ఏముందో మీరు రుజువు చేయలేరు. ఉత్తరం మీది తేదీని రుజువు చేయగలరు.

ఈరోజే చేయాల్సినవి రెండు. మొదటిది, గేటు ఎక్కకండి, తాళం కొట్టకండి, పక్క ప్లాట్ ఆయన్ని కోడ్ చెప్పమని ఇబ్బంది పెట్టకండి. లోపల ఉన్నది మీ వస్తువులే అయినా, ఆ ఒక్క పనితో కథ మొత్తం తిరగబడి "ఆవిడ గేటు పగలగొట్టింది" అన్నదే మిగులుతుంది. రెండోది, ఈ రాత్రికే ఈమెయిల్ పంపండి. సెక్రటరీ ఒక్కరికే కాకుండా చైర్మన్‌కి కూడా, కౌన్సిల్‌లో అలాట్‌మెంట్లు చూసే ఆఫీసర్‌కి కాపీ పెట్టి. ఎందుకింత తొందరంటే, ఇక్కడ చాలా సైట్లకి వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. ఖాళీ అని రాసుకున్న ప్లాట్‌ని వారం తిరక్కుండా లిస్ట్‌లో పైనున్న వాళ్లకి చూపిస్తారు. కొత్తవాళ్లు సంతకం పెట్టి అద్దె కట్టాక మీరు ఎంత న్యాయంగా గెలిచినా ఆ ప్లాట్ తిరిగి రావడం చాలా కష్టం. అందుకే మొదటి ఉత్తరంలో వాదన అక్కర్లేదు, ఆపమని అడిగితే చాలు. ఇంచుమించు ఇలా ఉండాలి:

"ఫలానా తేదీతో మీరు పంపిన నోటీసు అందింది. నేను జూలై ఫలానా తేదీ నుంచి సెప్టెంబర్ ఫలానా తేదీ వరకు దేశంలో లేను. ఈ నోటీసుని నేను ఒప్పుకోవడం లేదు, అప్పీల్ చేస్తున్నాను. అప్పీల్ తేలేదాకా ప్లాట్ ఇంకెవరికీ ఇవ్వకండి, నా షెడ్, పాలీటన్నెల్, పంట ముట్టుకోకండి. పంట కోసుకోవడానికి, నీళ్లు పెట్టుకోవడానికి ఈ వారంలో ఒక రోజు, సమయం చెప్పండి. నా అగ్రిమెంట్, సైట్ రూల్స్, అసోసియేషన్ నియమావళి, నా ప్లాట్ ఇన్‌స్పెక్షన్ కాగితాలు, ఫోటోల కాపీలు పంపండి. ఏ షరతు ఉల్లంఘించానో, ఏ క్లాజ్ కింద నోటీసు ఇచ్చారో రాతపూర్వకంగా తెలపండి."

అంతే. ట్యాంక్ గొడవ ఎత్తకండి. సెక్రటరీ మీద విశేషణాలు వద్దు. ఈ ఉత్తరాన్ని రేపు మీ గురించి ఏమీ తెలియని ఒక కౌన్సిల్ ఆఫీసర్ చదువుతారు. చదివినప్పుడు మీరు నిదానస్తురాలిగా కనిపించాలి.

ఇప్పుడు అసలు కాగితం. మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్ వెతకండి. మన ఊళ్లలో కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది, అందుకేనేమో మనవాళ్లు చాలామంది ఇక్కడ కూడా ఆ నాలుగు పేజీలు చదవకుండానే సంతకం పెట్టి డ్రాయర్‌లో పడేస్తారు. అందులో మొదట చూడాల్సింది మీ భూస్వామి ఎవరన్నది. అగ్రిమెంట్ పైన కౌన్సిల్ పేరుందా, అసోసియేషన్ పేరుందా? కొన్ని సైట్లలో అసోసియేషన్ కేవలం కౌన్సిల్ తరఫున అద్దెలు వసూలు చేసి పనులు చూస్తుంది. అక్కడ మీరు కౌన్సిల్ కౌలుదారు, ఖాళీ చేయించే అధికారం కౌన్సిల్‌దే. ఇంకొన్ని చోట్ల కౌన్సిల్ సైట్ మొత్తాన్ని అసోసియేషన్‌కి లీజుకిస్తుంది, అసోసియేషన్ దాన్ని ముక్కలుగా మీకిస్తుంది. అప్పుడు మీ భూస్వామి అసోసియేషన్. ఈ తేడా తెలియకపోతే మీరు తప్పు తలుపు కొడుతూ నెలలు గడిపేస్తారు. "అది అసోసియేషన్ అంతర్గత వ్యవహారం, మేం జోక్యం చేసుకోం" అని కౌన్సిల్ వాళ్లు ఫోన్‌లో అంటారు. నూటికి తొంభై మంది అక్కడితో ఆగిపోతారు. మీరు ఆగకండి. అసోసియేషన్‌కి, కౌన్సిల్‌కి మధ్య ఉన్న లీజు లేదా మేనేజ్‌మెంట్ ఒప్పందం కాపీ ఇవ్వమని సమాచార హక్కు కింద కౌన్సిల్‌ని అడగండి. ఇక్కడి చట్టం 2000 నాటిది, ఇరవై పనిదినాల్లో జవాబివ్వాలి, మామూలుగా ఖర్చేమీ ఉండదు. ప్లాట్ హోల్డర్లని ఎలా చూడాలి, ఫిర్యాదులు ఎలా తేల్చాలి అన్న షరతులు ఆ ఒప్పందంలో తరచూ ఉంటాయి. ఉంటే, వాటిని అమలు చేయించాల్సింది కౌన్సిలే.

చట్టం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కమిటీల్లో ఉన్నవాళ్లకి కూడా ఇది సరిగ్గా తెలియదు.

1922 నాటి అలాట్‌మెంట్స్ చట్టం ప్రకారం, మీరూ మీ ఇంటివాళ్లూ తినడానికి కూరగాయలు, పండ్లు పండించుకునే నలభై పోల్స్ (పోల్ అంటే ఇక్కడి పాత భూమి కొలత), అంటే పావు ఎకరం లోపు జాగా 'అలాట్‌మెంట్ గార్డెన్' కిందికొస్తుంది. మామూలు ప్లాట్ పది పోల్స్, మన లెక్కలో దాదాపు మూడొందల గజాలు, కాబట్టి మీది అందులోకే వస్తుంది. అలాంటి జాగాని కౌలుకి ఇచ్చాక ఊరికే తీసేసుకోవడానికి లేదు. మీ తప్పేమీ లేకుండా ఖాళీ చేయించాలంటే మామూలుగా పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. అది కూడా ఏప్రిల్ 6న గానీ అంతకుముందు గానీ, లేదంటే సెప్టెంబర్ 29న గానీ ఆ తర్వాత గానీ ముగిసేలా ఇవ్వాలి. అంటే పంట కాలం మధ్యలో ముగిసే నోటీసు చెల్లదు. మొదట ఇది ఆరు నెలలుగా ఉండేది, 1950 చట్టం పన్నెండు చేసింది. అగ్రిమెంట్‌లో ఇంకోలా రాసుకున్నా ఈ రక్షణ పోదు, చట్టంలోనే ఆ మాట ఉంది.

అద్దె కట్టకపోయినా, షరతులు ఉల్లంఘించినా కథ వేరు. మీ మీద వాడుతున్నది ఈ దారే. కౌన్సిల్ సైట్లకి 1908 చట్టం 30వ సెక్షన్ ఉంది. అద్దె నలభై రోజులు బాకీ పడినా, కౌలు మొదలైన మూడు నెలల తర్వాత రూల్స్ పాటించకపోయినా కౌన్సిల్ నోటీసు ఇవ్వచ్చు, ఇచ్చిన నెలకి కౌలు ముగుస్తుంది. నెల అన్న మాట గుర్తుపెట్టుకోండి. మీ భూస్వామి కౌన్సిలే అయి, వాళ్లు నడుస్తున్నది ఈ సెక్షన్ మీదే అయితే పద్నాలుగు రోజుల నోటీసు నిలబడదు. అసోసియేషన్ భూస్వామి అయితే అగ్రిమెంట్‌లో రాసుకున్న గడువు లెక్కకొస్తుంది. చాలా అగ్రిమెంట్లు ఆ 1908 చట్టాన్ని చూసే రాసినవి కాబట్టి అక్కడా నెలే ఉండే అవకాశం ఎక్కువ. సాగు బాగోలేదంటే ముందు హెచ్చరిక ఉత్తరం, బాగు చేసుకోవడానికి కొంత గడువు, మళ్లీ ఇన్‌స్పెక్షన్, ఆ తర్వాతే నోటీసు అనే వరస చాలాచోట్ల రూల్స్‌లోనే రాసి ఉంటుంది. మీ రెండు ఉత్తరాల తేదీలు పక్కపక్కన పెట్టి ఆ వరసతో పోల్చండి. హెచ్చరికలో ఇచ్చిన గడువు పూర్తికాకముందే రెండోది పంపి ఉంటే మీ చేతికి మంచి ఆధారం దొరికినట్టే.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మీరు ఇంట్లో లేరన్న ఒక్క కారణంతో నోటీసు చెల్లకుండా పోదు. అగ్రిమెంట్‌లో ఉన్న అడ్రస్‌కి పోస్ట్‌లో పంపితే మామూలుగా ఇచ్చినట్టే లెక్క. మీ వాదన అక్కడ పెట్టకండి. "నేను ఊళ్లో లేనని మీకు తెలుసు, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా నిర్ణయం తీసుకున్నారు" అనేది సరైన వాదన. వెళ్లేముందు ఎవరికైనా మెసేజ్ పెట్టారా? సైట్ వాట్సాప్ గ్రూప్‌లో "ఆరు వారాలు ఉండం, పక్క ప్లాట్ వాళ్లు నీళ్లు పెడతారు" అని ఒక్క లైన్ రాసి ఉన్నా చాలు, అది వెతికి స్క్రీన్‌షాట్ తీసుకోండి. లేకపోతే టికెట్లు, పాస్‌పోర్ట్ స్టాంపులు.

మనవాళ్లకి ఈ చిక్కు ఎక్కువగా రావడానికి కారణం ఈ వేసవి ప్రయాణాలే. స్కూల్ సెలవులు జూలై చివర మొదలై సెప్టెంబర్ మొదటిదాకా ఉంటాయి. సరిగ్గా ఆ ఆరు వారాల్లోనే ఇక్కడి కలుపు నడుమెత్తు పెరుగుతుంది. బైండ్‌వీడ్ తీగ చిక్కుడు కర్రల్ని చుట్టేసి తెల్లపూలు పూస్తుంది, నెటిల్స్ విత్తనం కడతాయి, దారుల్లో గడ్డి మోకాళ్లదాకా వస్తుంది. ఆ గింజలు గాలికి పక్క ప్లాట్లలో పడతాయి కాబట్టి వాళ్ల కోపం కూడా అబద్ధం కాదు. ఆగస్టులో వెళ్లక తప్పనివాళ్లు సహాయకుడి పేరు ముందే కమిటీకి రాసి ఇవ్వాలి. చాలా సైట్లలో దానికి వీలుంటుంది.

ఇక "సాగులో లేదు" అన్న ఆరోపణ. దీని గురించి ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే మన ప్లాట్లని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు నిజంగానే తప్పుగా చదువుతారు. ఇద్దరు కమిటీ సభ్యులు కాగితం అట్ట మీద పెట్టుకుని దారి వెంట నడుస్తారు. ప్లాట్ నంబర్, ఎంత శాతం సాగులో ఉంది, కలుపు గింజ కట్టిందా, దారి శుభ్రంగా ఉందా, చెత్త ఉందా అన్న గడులు నింపుతారు. ఒక్కో ప్లాట్ దగ్గర నిలబడేది రెండు నిమిషాలు. లోపలికి రారు. బంగాళాదుంపల వరసలు, క్యాబేజీ మీద వల, ఉల్లి కాడలు కనిపిస్తే సాగు అనుకుంటారు. మన మడి అలా ఉండదు. తోటకూర చల్లితే వరసలు ఉండవు, పైగా దాని చుట్టాలని ఇక్కడ కలుపు మొక్కలుగానే పిలుస్తారు. చుక్కకూరదీ, ఇక్కడి తోటమాలులకి ఒళ్లుమంట తెప్పించే డాక్ మొక్కదీ ఒకే కుటుంబం, దూరం నుంచి ఆకు చూస్తే తేడా తెలియదు. చక్రవర్తికూరనైతే వీళ్లు పీకి కంపోస్ట్‌లో వేస్తారు. గంగవాయిల కూర నేల మీద పాకితే గడ్డి అనుకుంటారు. సొరపాదు, బీరపాదు కంచె మీదికి ఎక్కితే 'అదుపు తప్పిన తీగ' అని రాస్తారు. నేల సారం కోసం మెంతులు ఒత్తుగా చల్లి వదిలేస్తే ఖాళీ మడి కింద లెక్కేస్తారు, మెంతుల్ని పచ్చిరొట్టగా ఇక్కడి విత్తనాల కంపెనీలే అమ్ముతున్నా సరే.

కాబట్టి మీ అప్పీల్‌లో "నా ప్లాట్ బాగానే ఉంది" అని రాయకుండా ప్లాట్ బొమ్మ గీయండి. ఏ మడిలో ఏముందో, ఎప్పుడు విత్తారో, ఇంగ్లిష్ పేరు, వీలైతే శాస్త్రీయ నామంతో సహా. తోటకూర అని రాస్తే వాళ్లకి అర్థం కాదు, అమరాంథస్ అని రాస్తే ఫోన్‌లో వెతికి చూసుకుంటారు. మీ ఫోన్‌లో ఏప్రిల్ నుంచి ఉన్న ఫోటోలు తేదీ వరసలో పెట్టండి. పిల్లలు టమాటాలు కోస్తున్న ఫోటో అయినా పర్వాలేదు, వెనకాల మడి కనిపిస్తే చాలు. మళ్లీ లోపలికి వెళ్లగలిగిన రోజున నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీయండి, ఒక్కోదాంట్లో మీ ప్లాట్ నంబర్ చెక్కగానీ పక్క ప్లాట్ షెడ్‌గానీ పడేలా. లేకపోతే ఇది వేరే ప్లాట్ అనే మాట వస్తుంది. కలుపు నిజంగా ఉన్నచోట దాచకండి. "ఈ మూల ఆరు వారాల్లో పెరిగింది, ఫలానా తేదీలోపు శుభ్రం చేస్తాను" అని గడువు మీరే పెట్టండి. కమిటీలో మెత్తగా ఉన్న ఒకరిద్దరు మీ వైపు మొగ్గడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది. అద్దె ఎప్పటికప్పుడు కట్టినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేయండి. కొత్త సంవత్సరం అద్దె బిల్లు వస్తే కట్టేయండి. అన్నీ తెలిసి వాళ్లు అద్దె తీసుకుంటే, కౌలు నడుస్తున్నట్టే వాళ్లు ఒప్పుకున్నారని మీరు వాదించచ్చు. తిప్పి పంపితే ఆ రసీదు దాచండి.

అప్పీల్ విచారణ గురించి. అసోసియేషన్ చిన్నదైనా, అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లైనా, ఒక సభ్యురాలిని బయటికి పంపేటప్పుడు ఆరోపణ ఏమిటో ముందే చెప్పాలి, ఆమె మాట వినాలి, పక్షపాతం ఉన్నవాళ్లు తీర్పు చెప్పకూడదు. క్లబ్బులు, సంఘాల విషయంలో ఇక్కడి కోర్టులు ఎప్పటినుంచో ఇదే చెప్తున్నాయి. కాబట్టి ట్యాంక్ గొడవని ఇక్కడ, ఇలా మాత్రమే తీసుకురండి: "మే నెలలో సెక్రటరీకీ నాకూ ఒక విషయంలో భేదాభిప్రాయం వచ్చింది, అందువల్ల ఈ అప్పీల్ నిర్ణయంలో ఆయన పాల్గొనకుండా చూడమని కోరుతున్నాను." ఇందులో నింద లేదు. కానీ ఆయన కూర్చుంటే తప్పు వాళ్లదవుతుంది. వెంట ఒకరిని తీసుకెళ్లడానికి అనుమతి అడగండి. మనవాళ్లు కాకుండా, సైట్‌లో పదేళ్లుగా ఉన్న పెద్దాయనెవరైనా వచ్చి "ఈవిడ ప్రతి శనివారం ఉంటుంది, నేను చూస్తూనే ఉన్నా" అంటే దాని విలువ వేరు. సంఘం సభ్యత్వం రద్దు చేయడం, ప్లాట్ కౌలు రద్దు చేయడం రెండూ ఒకటి కావు, ఒక్కోదానికి ఒక్కో రూల్ ఉంటుంది. మొదటిది చేసి రెండోది దానంతట అదే అయిపోయిందని వాళ్లు అంటే, అగ్రిమెంట్‌లో ఆ మాట ఎక్కడుందో చూపించమనండి.

మీ గురించి కమిటీ ఈమెయిళ్లలో ఏం రాసుకున్నారో తెలుసుకునే హక్కు కూడా మీకుంది. దీన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. సమాచార హక్కు చట్టం కౌన్సిల్‌కే వర్తిస్తుంది, ఇది అసోసియేషన్‌కీ వర్తిస్తుంది. మామూలుగా నెలలోపు ఇవ్వాలి. ఇన్‌స్పెక్షన్ జరగకముందే "ఈవిడ ప్లాట్ సంగతి చూడాలి" అని ఎవరైనా రాసుకుని ఉంటే అక్కడే బయటపడుతుంది.

వివక్ష అన్న మాట మీ ప్రశ్నలో సగం రాసి ఆపేశారు. నా అభిప్రాయం చెప్తాను. అనుమానంతో ఆ మాట వాడకండి. ఆధారం ఉంటే మాత్రం అస్సలు వెనకాడకండి. ఆధారమంటే, అదే వరసలో మీ ప్లాట్ కంటే అధ్వానంగా ఉన్న ప్లాట్లకి నోటీసు వెళ్లకపోవడం, లేదా మీ భాష గురించో మీ పంటల గురించో మీవాళ్ల రాకపోకల గురించో ఎవరైనా అన్న మాట, అన్న తేదీ, విన్న మనిషి. 2010 ఈక్వాలిటీ చట్టం కౌన్సిల్‌కి వర్తిస్తుంది. పాతికమంది లేదా అంతకంటే ఎక్కువ సభ్యులుండి, సభ్యుల్ని రూల్స్ ప్రకారం చేర్చుకునే సంఘాలకీ వర్తిస్తుంది. చాలా సైట్లు ఈ లెక్కలోకి వస్తాయి. వైకల్యం కిందికొచ్చే జబ్బు వల్లో గర్భం వల్లో సాగు వెనకబడిన వాళ్లకి కూడా ఈ చట్టంలో రక్షణ ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకి సంఘం తగిన వెసులుబాటు ఇవ్వాలి, ఉదాహరణకి ఎక్కువ గడువు, లేదా సగం ప్లాట్‌కి మారే అవకాశం. దీని మీద కౌంటీ కోర్టుకి వెళ్లాలంటే జరిగిన రోజు నుంచి ఆరు నెలలకి ఒకరోజు తక్కువ సమయమే ఉంటుంది. ఈక్వాలిటీ అడ్వైజరీ అండ్ సపోర్ట్ సర్వీస్ వాళ్లు ఫోన్‌లో ఉచితంగా సలహా ఇస్తారు.

అప్పీల్ పోతే తర్వాతి మెట్టు కౌన్సిల్ ఫిర్యాదు. ఫోన్ చేయకుండా వాళ్ల ఫిర్యాదుల పద్ధతి ప్రకారం రాతలోనే ఇవ్వండి, ఆఖరి జవాబు వచ్చేదాకా అన్ని దశలూ పూర్తి చేయండి. అది సంతృప్తిగా లేకపోతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్, అంటే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ దగ్గరికి వెళ్లచ్చు, విషయం తెలిసిన పన్నెండు నెలల్లోపు. మీ ప్లాట్ బాగుందా లేదా అని వాళ్లు తేల్చరు, కౌన్సిల్ పద్ధతి ప్రకారం నడిచిందా అని మాత్రమే చూస్తారు. ఒక మెలిక ఉంది. మీ సైట్ పారిష్ కౌన్సిల్‌దో టౌన్ కౌన్సిల్‌దో (ఊరి స్థాయి చిన్న కౌన్సిళ్లు) అయితే ఇంగ్లండ్‌లో ఈ అంబుడ్స్‌మన్‌కి అధికారం లేదు. ముందే కనుక్కోండి. మీ వార్డ్ కౌన్సిలర్‌ని కూడా కలవండి. వాళ్ల నుంచి వెళ్లే ఒక్క ఈమెయిల్‌కి ఆఫీసర్లు ఇచ్చే జవాబు మనకిచ్చే జవాబులా ఉండదు. ఫేస్‌బుక్‌లో పెట్టి పదిమందిని పోగేయడం మాత్రం అప్పీల్ పూర్తయ్యేదాకా వద్దని గట్టిగా చెప్తున్నా. అప్పటిదాకా తటస్థంగా ఉన్న కమిటీ సభ్యులు కూడా దాంతో సెక్రటరీ వెనక చేరిపోతారు.

కోర్టు సంగతి క్లుప్తంగా. నేషనల్ అలాట్‌మెంట్ సొసైటీలో వ్యక్తిగత సభ్యత్వం తీసుకుంటే అలాట్‌మెంట్ చట్టం మీద సలహా దొరుకుతుంది, ఈ చట్టం తెలిసిన లాయర్లు బయట తక్కువ కాబట్టి అది విలువైనదే. మీ హోమ్ ఇన్సూరెన్స్‌లో లీగల్ కవర్ ఉందేమో చూడండి, చాలామందికి ఉన్నట్టే తెలియదు. లాయర్ ఉత్తరం ఒక్కటి వెళ్లగానే తేలిపోయిన కేసులు నేను చూశాను. ప్లాట్ ఇంకొకరికి ఇవ్వకుండా ఆపుతూ కౌంటీ కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకోవచ్చు, కానీ ఓడితే అవతలివాళ్ల ఖర్చులు మీ మీద పడచ్చు. కౌన్సిల్ నిర్ణయం చట్టబద్ధమేనా అని కోర్టు చేత పరిశీలింపజేసే జుడీషియల్ రివ్యూ అయితే ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా మూడు నెలల్లోపు వేయాలి, ఖర్చు కూడా పెద్దదే. ఒక్క ప్లాట్ కోసం నేనైతే ఆ దారి పట్టమని చెప్పను.

షెడ్, పాలీటన్నెల్, పండ్ల మొక్కల గురించి అడిగారు. అవి మీవే. మీరు పెట్టుకున్న షెడ్, గ్రీన్‌హౌస్, మీరు నాటిన పండ్ల చెట్లు, పొదలు కౌలు ముగిసేలోపు తీసుకెళ్లే హక్కు 1908 చట్టంలోనే ఉంది. గేటు మూసేసి, తర్వాత "గడువు దాటింది, అవి మావి" అనడం కుదరదు. లోపల ఏమేమి ఉన్నాయో ధరలతో జాబితా రాసి పంపండి. ఎవరైనా పారేస్తే, పాడుచేస్తే దాని విలువ కోసం చిన్న మొత్తాల కోర్టుకి వెళ్లచ్చు, పదివేల పౌండ్ల దాకా. పంటకీ వేసిన ఎరువుకీ పరిహారం, ఏడాది అద్దెకి సమానమైన మొత్తం వస్తాయని ఎవరో చెప్పారన్నారు. అవి భూస్వామి తన అవసరం కోసం స్థలం వెనక్కి తీసుకున్నప్పటి మాట. షరతు ఉల్లంఘన కింద తీసేస్తే వాటి మీద ఆశ పెట్టుకోకండి.

మీలా ఒక్కరికి కాకుండా సైట్ మొత్తానికి నోటీసు వచ్చినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్ల కోసం రెండు మాటలు. చట్టబద్ధంగా అలాట్‌మెంట్ల కోసమే కేటాయించిన స్థలాన్ని కౌన్సిల్ అమ్మాలన్నా వేరే పనికి మార్చాలన్నా 1925 చట్టం 8వ సెక్షన్ కింద కేంద్ర మంత్రి అనుమతి కావాలి. వాట్‌ఫర్డ్‌లో ఫార్మ్ టెరస్ సైట్ వాళ్లు ఆ అనుమతిని కోర్టులో సవాలు చేసి కొట్టేయించారు కూడా, చివరికి 2016లో ఓడిపోయారు. లండన్ తూర్పున మేనర్ గార్డెన్ అలాట్‌మెంట్స్‌ని 2012 ఒలింపిక్స్ పార్క్ కోసం 2007లో ఖాళీ చేయించినప్పుడు వాళ్లకి వేరేచోట స్థలం చూపించారు. అది ఊరంతా కలిసి చేసే పోరాటం, మీది అలాంటిది కాదు.

ఆఖరిగా, మీకు అసలేం కావాలో కమిటీ ముందు కూర్చోకముందే ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి. అదే ప్లాటే కావాలా? అదే సైట్‌లో సెక్రటరీకి దూరంగా వేరే మూలన ఇస్తే సరిపోతుందా? ఏడాదిపాటు పరిశీలనలో ఉంచుతామంటే ఒప్పుకుంటారా? సగం ప్లాట్ చాలా? ఇలాంటి గొడవలు ఎక్కువగా తేలేది ఇలాంటి మధ్యేమార్గం మీదే. పూర్తిగా గెలిచి వెళ్లినా, రేపట్నుంచి అదే గేటులోంచి, అదే ట్యాంక్ దగ్గర నీళ్లు పట్టుకుంటూ వాళ్ల మధ్యే ఉండాలి. నాలుగేళ్లు ఆ మట్టిని బాగుచేసుకున్నారు కాబట్టి నేనైతే మొదట అదే ప్లాట్ అడగమంటాను. ఒక్క షరతు మీద మాత్రం తగ్గకండి. ఏ ఒప్పందమైనా కాగితం మీద ఉండాలి, చైర్మన్ సంతకంతో.

సొరకాయల సంగతి ఆలస్యం చేయకండి. ఇక్కడ అక్టోబర్‌లో ఒక్క రాత్రి మంచు పడితే పాదు మొత్తం నల్లబడిపోతుంది. కోతకి రోజు ఇవ్వమని రాసిన ఈమెయిల్‌కి మూడు రోజుల్లో జవాబు రాకపోతే, అదే ఈమెయిల్ కౌన్సిల్ ఆఫీసర్‌కి మళ్లీ పంపి ఫోన్ కూడా చేయండి.

అగ్రిమెంట్‌లో కౌలు రద్దు గురించి ఉన్న క్లాజ్, రెండు ఉత్తరాల మీది తేదీలు, హెచ్చరికలో ఇచ్చిన గడువు, పేర్లూ ఊరూ తీసేసి కింద రాయండి. చూసి అప్పీల్ ఉత్తరం ఎలా రాయాలో వాక్యం వాక్యం చెప్తాను.